ఆరు పేజీల లెసన్ ప్లాన్, ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది

పెన్నా_గట్టు | సోమవారం, రాత్రి 9:12

నేను బీఈడీ రెండో ఏడాది, గణితం మెథడ్. ఇంటర్న్‌షిప్ నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వేశారు. ఈరోజు ఆరో తరగతికి భిన్నాలను పోల్చడం చెప్పాను. ఆదివారమంతా కూర్చుని ఆరు పేజీల ప్లాన్ రాశా. విద్యా ప్రమాణాలు, బోధనాభ్యసన సామగ్రి (టీఎల్ఎం), ప్రేరణ ప్రశ్నలు, మూల్యాంకనం, అన్నీ ఉన్నాయి. 'విద్యార్థి గుర్తిస్తాడు, పోలుస్తాడు, వివరిస్తాడు' అని క్రియలు కూడా వరసగా పేర్చా. థర్మాకోల్‌తో గుండ్రటి రొట్టె చేసి, రంగు కాగితం అంటించి, ముక్కలు కోసుకెళ్లా.

పీరియడ్ 40 నిమిషాలు. నా పాఠం ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. రొట్టె చూపించా, హారం పెరిగితే ముక్క చిన్నదవుతుందని చెప్పా, 'అర్థమైందా?' అన్నా. 'అర్థమైందీ టీచర్' అని రేకులు అదిరేలా అరిచారు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. అదే ఇంకోసారి చెప్పా. మూడోసారి కూడా చెప్పా. వెనక బెంచీలో ఇద్దరు నా థర్మాకోల్ ముక్కలు తుంచి ఒకరి నెత్తిన ఒకరు చల్లుకుంటున్నారు. సూపర్‌వైజర్ గారు ఆ పక్కనే కూర్చుని ఏదో రాసుకుంటున్నారు.

చివర్లో 1/8, 1/5లో ఏది పెద్దదో నోట్సులో రాయమన్నా. ఇంటికి తెచ్చి చూస్తే 38 మందిలో 26 మంది 1/8 అని రాశారు. సరిగ్గా రాసినవాళ్లకి 'గుడ్', మిగతావాళ్లకి 'ఇంకా శ్రద్ధ పెట్టాలి' అని ఎర్ర ఇంకుతో రాసిపెట్టా. నా అబ్జర్వేషన్ బుక్కులో ఏం రాశారంటే, 'టీఎల్ఎం బాగుంది. తరగతి నిర్వహణ మెరుగుపరచుకోవాలి.'

ఏం మెరుగుపరచుకోవాలి? ఎలా? బస్సులో దారి పొడుగునా ఆ వాక్యాన్నే చూస్తూ వచ్చా. పాఠానికి ప్లాన్ వెయ్యడం మీరంతా నిజంగా ఎలా నేర్చుకున్నారో చెప్పండి. ఫార్మాట్ పంపకండి, అది నా దగ్గర ఉంది.


బోర్డు_తుడుపు | సోమవారం, రాత్రి 9:41

చెల్లెమ్మా, నేను కొండపి వైపు లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. ఎనిమిది నిమిషాలకే అయిపోయిందని నీకు మొదటి పాఠంలోనే తెలిసింది చూడు, అదృష్టవంతురాలివి. నేను మొదటి ఏడాదంతా 40 నిమిషాలూ నేనే మాట్లాడి, పాఠం బ్రహ్మాండంగా నడిచిందనుకుని ఇంటికెళ్లేవాణ్ణి. త్రైమాసిక పరీక్ష పేపర్లు దిద్దినప్పుడు తెలిసింది ఎవరికి నడిచిందో.

ఇప్పుడు నేను ప్లాన్ కింద నుంచి పైకి రాస్తా. బెల్లు కొట్టే ముందు పిల్లాడు చిత్తుకాగితం మీద ఏం రాసి ఇవ్వగలగాలి? ముందు ఆ ప్రశ్న రాసుకుంటా. దాని పక్కనే, తప్పు రాసేవాడు ఏమని రాస్తాడో రాసుకుంటా. ఆ తప్పు వాడికి యాడ నుంచి వచ్చిందో ఆలోచిస్తా. ఏం చెప్పాలన్నది ఆ తర్వాత. సగం సార్లు ప్లాన్ అక్కడికే అయిపోతుంది, ఇంక రాయడానికి పెద్దగా ఏం ఉండదు.

నీ 26 మందీ శ్రద్ధ లేక రాయలేదు. ఐదు కన్నా ఎనిమిది పెద్దదని ఒకటో తరగతి నుంచి నేర్పింది మనమే. వాళ్లు చాలా శ్రద్ధగా ఆ తప్పు రాశారు. 'ఇంకా శ్రద్ధ పెట్టాలి' అని నువ్వు రాస్తే రేపు ఇంకాస్త శ్రద్ధగా 1/8 అనే రాస్తారు.


నీలి_సిరా | సోమవారం, రాత్రి 9:55

నేను లెక్కల మనిషిని కాదు, నెల్లూర్లో తెలుగు పండితురాలిని. ఒక్క పని చెయ్యమ్మా. నీకు సూపర్‌వైజర్ గారు రాసిన వాక్యం, నువ్వు పిల్లలకి రాసిన వాక్యం పక్కపక్కన పెట్టి చదువు.


పెన్నా_గట్టు | సోమవారం, రాత్రి 10:03

'తరగతి నిర్వహణ మెరుగుపరచుకోవాలి.' 'ఇంకా శ్రద్ధ పెట్టాలి.'

అయ్యో మేడమ్. నేను బస్సులో ఎలా వచ్చానో, రేపు ఆ 26 మంది నోట్సు తెరిచి అలాగే చూస్తారన్నమాట. రేపు నోట్సులు ఎలా ఇవ్వను?


పాత_మాస్టారు_ఒంగోలు | మంగళవారం, ఉదయం 5:50

అమ్మాయ్, నేను హెచ్‌ఎంగా రిటైరైనవాణ్ణి. పొద్దున్నే లేచి ఇది చదివా. ఫార్మాట్ అంటే అందరికీ వేళాకోళమైపోయింది. ఆ ఆరు పేజీల్లో ఒక్కో గడి ఒక్కో ప్రమాదం దగ్గర కట్టిన పిట్టగోడ. ప్రేరణ ఎందుకు రాయమంటారు? కొత్తది చెప్పేముందు పిల్లవాడి దగ్గర పాతది ఏముందో కదిపి చూడమని. నువ్వు ఆ గడి నింపావు కానీ కదపలేదు. రొట్టెతో మొదలుపెట్టావు. రొట్టె నీది, పిల్లలది కాదు.

ఇంకోటి. మీకు మొదటి ఏడాది మైక్రో టీచింగ్ చేయించే ఉంటారు. 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి అది. మన దగ్గర వాడే లెక్క నీకు నోటికి వచ్చే ఉంటుంది: ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు ఫీడ్‌బ్యాక్, పన్నెండు నిమిషాలు మళ్లీ ప్లాన్, ఆరు నిమిషాలు మళ్లీ బోధన, ఆరు నిమిషాలు మళ్లీ ఫీడ్‌బ్యాక్. మొత్తం 36. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు గానీ అందులో పెద్ద ముక్క ఏదో ఎవరూ చూడరు. చెప్పడానికి ఆరు, చెప్పింది విని మళ్లీ ప్లాన్ వేసుకోవడానికి దానికి రెట్టింపు. ఇంటర్న్‌షిప్‌లో ఆ పన్నెండు నిమిషాలు ఎవరూ ఇవ్వరు. మనమే దొంగిలించుకోవాలి. నేనైతే స్టాఫ్ రూమ్ అటెండర్ టీ తెచ్చేలోపు ప్లాన్ మార్జిన్‌లో పెన్సిల్‌తో గీసుకునేవాణ్ణి.


సైన్స్_సుబ్బులు | మంగళవారం, ఉదయం 7:20

అందరూ బాగానే చెబుతున్నారు గానీ, నేను ప్రైవేటు స్కూల్లో చేస్తున్నా, ఊరి పేరు వద్దులెండి. రోజుకి ఏడు పీరియడ్లు. వారం ప్లాన్ శనివారం సాయంత్రానికి ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. ఐదు సెక్షన్లు, ఒక్కోదాంట్లో 40 మంది, అంటే 200 నోట్సులు. ఒక్కో నోట్సుకి మూడు నిమిషాలు పెట్టినా 600 నిమిషాలు, పది గంటలు! 'నీ ఆలోచన బాగుంది కానీ ఇక్కడ ఇలా చూడు' అని 200 మందికి రాస్తే నా పిల్లలకి అన్నం ఎవరు పెడతారు? టిక్కు కొట్టి సంతకం పెట్టి తేదీ వేస్తా. తప్పు అంటారా, అనండి.


బోర్డు_తుడుపు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

తప్పేం లేదు సుబ్బులక్కా. 200 నోట్సుల్లో రాయమని నేనూ అననుగా. నేను నోట్సులు రోజూ చూడను. ఆఖరి అయిదు నిమిషాల్లో పావు కాగితం మీద ఒక్క ప్రశ్నకి జవాబు తీసుకుంటా. లంచ్‌లో డబ్బా తెరిచే ముందు వాటిని మూడు కుప్పలు వేస్తా. వచ్చినవాళ్లు, సగం వచ్చినవాళ్లు, నేను ఊహించిన తప్పే చేసినవాళ్లు. 40 కాగితాలకి నాలుగైదు నిమిషాలు. ఎవరికీ ఏమీ రాయను. మర్నాడు పాఠం ఏ కుప్ప పెద్దదో దాన్నిబట్టి మొదలవుతుంది. నా ఫీడ్‌బ్యాక్ అదే, నా ప్లాన్ అదే.

ఒక్కోసారి నాలుగో కుప్ప పుడుతుంది. నేను కలలో కూడా ఊహించని తప్పు. దాన్ని దాచుకుంటా. అలాంటివి ఒక చెప్పుల డబ్బా నిండా ఉన్నాయి ఇంట్లో. మా ఆవిడ రెండుసార్లు పాత కాగితాలవాడికి వెయ్యబోయింది.


నీలి_సిరా | మంగళవారం, మధ్యాహ్నం 2:35

మార్కులు వేసి కామెంటు కూడా రాస్తే రెండూ పనిచేస్తాయనుకుంటాం కదా. 1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే ఆవిడ పిల్లల్ని మూడు గుంపులు చేసి చూసింది. ఒక గుంపుకి మార్కులు, ఒక గుంపుకి కామెంట్లు, ఇంకో గుంపుకి రెండూ. కామెంట్లు మాత్రమే అందుకున్నవాళ్లే ముందుకెళ్లారు. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు. నాకిది చదవకముందే తెలుసు. పేపర్లు ఇవ్వగానే పిల్లలు ఏం చేస్తారో చూడండి. పదికి ఎంత వచ్చిందో చూస్తారు, పక్కవాడికి ఎంత వచ్చిందో చూస్తారు, మూసేస్తారు. నా చక్కటి దస్తూరీ ఎవడూ చదవడు.

అందుకని వ్యాసాలకి మొదటిసారి మార్కు వెయ్యను. ఒక్క వాక్యం రాస్తా, అది పని చెప్పే వాక్యం అయ్యుండాలి. ఒకసారి ఏడో తరగతిలో రొట్టెల పండుగ గురించి రాయమన్నా. ఒక పిల్ల రాసింది: 'రొట్టెల పండుగ నెల్లూరులో మిక్కిలి వైభవముగా జరుగును. భక్తులు విశేషముగా వచ్చెదరు.' గైడులోంచి దించినట్టు ఉంది. తప్పులు లేవు. పాతకాలమైతే 'చాలా బాగుంది' అని పదికి ఏడు వేసేదాన్ని. ఆ పిల్ల ఇల్లు దర్గాకి దగ్గరే. కింద ఇలా రాశా: 'నువ్వు స్వర్ణాల చెరువులో దిగావు కదా. రొట్టె మార్చుకునేటప్పుడు నీ పక్కన ఎవరున్నారు? ఒక్క వాక్యం చేర్చు.' నాలుగు వాక్యాలు చేర్చింది. వాళ్ల పిన్ని ఉద్యోగం రొట్టె పట్టుకున్నదట, ఎవరో ముసలాయన తడి చేత్తో ఇస్తే రొట్టె మెత్తబడి రెండుగా విరిగిందట, ఇప్పుడు సగం ఉద్యోగమే వస్తుందని ఇంట్లో నవ్వుకున్నారట. 'వైభవముగా' ఎగిరిపోయింది, నేను కొట్టెయ్యకుండానే.


సైన్స్_సుబ్బులు | మంగళవారం, మధ్యాహ్నం 2:50

సగం ఉద్యోగం 😂 మాకు వచ్చింది అదే మేడమ్.

మార్కు లేకపోతే మాత్రం మా దగ్గర తల్లిదండ్రులు సాయంత్రానికి గేటు దగ్గర ఉంటారు.


కనిగిరి_ఎస్జీటీ | మంగళవారం, రాత్రి 8:15

మీరంతా ఒక తరగతికి ఒక ప్లాన్ గురించి మాట్లాడుకుంటున్నారు. మా ప్రాథమిక పాఠశాలలో ఇద్దరమే టీచర్లం, ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ నావే. పెన్నా చెల్లీ, నువ్వు రేపు హైస్కూల్‌కే వెళ్లినా ఇది పనికొస్తుంది, కాబట్టి విను. నా ప్లాన్ అరచేతి అంత ఉంటుంది. నేను మాట్లాడేది ఎవరితో, ఆ సమయంలో మిగతావాళ్ల చేతిలో ఏముంటుంది. అంతే రాస్తా. నేను ఏం చెబుతానన్నది అందులో ఉండదు. పిల్లల చేతులు ఖాళీ అయిన నిమిషమే తరగతి గోల మొదలయ్యే నిమిషం. నీ సూపర్‌వైజర్ గారు 'తరగతి నిర్వహణ' అన్నది దానికేమో. నీ వెనక బెంచీ ఇద్దరూ అల్లరి పిల్లలు కాదు, వాళ్ల చేతికి థర్మాకోల్ తప్ప నువ్వేమీ ఇవ్వలేదు.


పెన్నా_గట్టు | మంగళవారం, రాత్రి 8:40

అవునక్కా. ప్లాన్ తీసి చూసుకున్నా. ఆరు పేజీల్లో 'ఉపాధ్యాయుని కృత్యం' గడి నిండిపోయి పక్కకి కారింది. 'విద్యార్థి కృత్యం' గడిలో ప్రతి వరసలోనూ 'విద్యార్థులు వింటారు', 'విద్యార్థులు గమనిస్తారు' అని ఉంది. పదకొండు వరసలు వింటూనే ఉన్నారు పాపం.

మళ్లీ అదే పాఠం చెప్పడానికి గైడ్ టీచర్ గారు శుక్రవారం పీరియడ్ ఇస్తామన్నారు. రొట్టె కాకుండా ఇంకేం తీసుకెళ్లాలి?


ఉప్పుగాలి | మంగళవారం, రాత్రి 9:30

నేను పల్లిపాడు డైట్‌లో, అంటే టీచర్ల శిక్షణ కాలేజీలో చదివా, ఇప్పుడు సముద్రం పక్క మండలంలోనే పనిచేస్తున్నా. మా అన్న రొయ్యల గుంటలు చేస్తాడు. ఏంది, సముద్రం వైపు స్కూల్లో ఉండి భిన్నాలకి థర్మాకోల్ రొట్టె కోసుకెళ్లావా!

కౌంట్ అడుగు. మీ తరగతిలో సగం మందికి తెలిసే ఉంటుంది. 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు తూగుతాయి. 100 కౌంట్ అంటే కిలోకి 100. 30 కౌంట్ రొయ్య సుమారు 33 గ్రాములు, 100 కౌంట్‌ది 10 గ్రాములు. అంటే ఒక రొయ్య కిలోలో 1/30, ఇంకోటి 1/100. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. గుంట గట్టు మీద పెరిగిన పిల్లాడికి ఇది నువ్వు చెప్పక్కర్లేదు, వాడే నీకు చెబుతాడు. హారం అనే మాట మాత్రం నువ్వు అందించు చాలు.


పాత_మాస్టారు_ఒంగోలు | బుధవారం, ఉదయం 5:45

నేను అన్న పాతది కదపడం ఇదే.

ఆ పిల్లలకి ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పటి పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు. లవం, హారం, న్యూమరేటర్, డినామినేటర్, నాలుగు పేర్లు ఒకేసారి నోట్లో పెడుతున్నాం. మొదటి పావుగంట ఆ నాలుగింటిలో ఏదీ వాడకుండా పాఠం చెప్పగలవేమో చూడు.


బోర్డు_తుడుపు | బుధవారం, మధ్యాహ్నం 1:25

కౌంట్ అద్భుతం. నేనైతే మా వైపు పొగాకు బేళ్లతో తంటాలు పడుతుంటా, అది ఇంత బాగా అతకదు. కానీ చెల్లెమ్మా, ఇందులో ఒక గుంట ఉంది, పడకుండా చూసుకో. కౌంట్ లెక్క పైన 1 ఉన్నంతవరకే పనిచేస్తుంది. పిల్లలు దాన్ని 'కింద అంకె పెద్దదైతే భిన్నం చిన్నది' అని సూత్రం చేసుకుని ఇంటికి పట్టుకెళ్తారు. మర్నాడు 7/8, 2/5 ఇస్తే హారం పెద్దది కాబట్టి 7/8 చిన్నది అంటారు. ఒక తప్పు తీసి ఇంకో తప్పు పెట్టినట్టు. మొన్న నీ నోటితో నువ్వే 'హారం పెరిగితే ముక్క చిన్నది' అన్నావు. ముక్క చిన్నదన్న మాట నిజమే, ఎన్ని ముక్కలు తీసుకున్నామన్నది మాట్లాడలేదు.

కాబట్టి ఆఖరి పది నిమిషాలకి ఇది పెట్టుకో. 30 కౌంట్ రొయ్య ఒకటి, 100 కౌంట్ రొయ్యలు ఏడు, ఏ తక్కెడ కిందికి దిగుతుంది? ఒక పక్క 33 గ్రాములు, ఇంకో పక్క 70. అక్కడ వాదించుకోనీ. నువ్వు మాట్లాడకు.


ఉప్పుగాలి | బుధవారం, మధ్యాహ్నం 1:50

'నువ్వు మాట్లాడకు' అన్నది అన్నిటికన్నా కష్టం సార్. ప్రశ్న అడిగి నిజంగా మూడు సెకన్లు ఆగి చూడండి, మూడేళ్లలా ఉంటుంది. మేరీ బడ్ రో అనే అమెరికా సైన్స్ విద్యావేత్త 1970లలో ఇది కొలిచింది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను ఆగుతున్నారట. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు విప్పారు. నేను మనసులో 'విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు' అని మండలాల పేర్లు చదువుకుంటా. సరిగ్గా మూడు సెకన్లు వస్తుంది.


సైన్స్_సుబ్బులు | బుధవారం, సాయంత్రం 6:05

మండలాల ట్రిక్ నాది కూడా ఇకనుంచి. మా వైపు 'పొదిలి, దర్శి, కురిచేడు' చాలవు, ముందు 'మర్రిపూడి' కలపాలి.


నిర్వాహకుడు | బుధవారం, సాయంత్రం 6:30

బదిలీల గురించి ఇక్కడ పెట్టిన పదకొండు పోస్టులు వేరే చర్చలోకి మార్చాను. దయచేసి అక్కడ కొట్టుకోండి.


నీలి_సిరా | బుధవారం, రాత్రి 9:10

పెన్నా, శుక్రవారం నీ వెనక ఎవరు కూర్చుంటారు? గైడ్ టీచర్ గారా? ఆవిణ్ణి 'మేడమ్, నా పాఠం ఎలా ఉందో చెప్పండి' అని అడగొద్దు. అడిగితే 'బాగుందమ్మా' అంటారు. మనవాళ్లకి ఎదుటివాళ్ల మొహం మీద తప్పు చెప్పడం మహా ఇబ్బంది, లేదంటే ఒకేసారి ఇరవై తప్పులు చెప్పి ఏడిపిస్తారు. మధ్యలో ఉండేది తక్కువ.

బెంచీల బొమ్మ ఒకటి గీసి ఆమె చేతికివ్వు. నువ్వు ఎవర్ని ప్రశ్న అడిగితే అక్కడ గీత, ఎవరు వాళ్లంతట వాళ్లు అడిగితే అక్కడ చుక్క పెట్టమను. అభిప్రాయం వద్దు, గీతలు చాలు. నేను సర్వీసులో చేరిన ఆరో ఏడు మా హిందీ టీచరుతో ఇలా పెట్టించుకున్నా. 23 గీతల్లో 17 ముందు రెండు బెంచీల మీద ఉన్నాయి, అదీ కిటికీ వైపు. గాలి వచ్చే వైపు నిలబడి ఆరేళ్లు పాఠం చెప్పానని అప్పుడు తెలిసింది.


పెన్నా_గట్టు | గురువారం, రాత్రి 11:20

బొమ్మ గీశా. ప్లాన్ ఒకటిన్నర పేజీ వచ్చింది. రికార్డుకి మాత్రం ఆరు పేజీలు మళ్లీ రాయాల్సిందే, ఫార్మాట్ లేకపోతే సంతకం పెట్టరు. టెన్షన్‌గా ఉంది. గుడ్ నైట్.


పెన్నా_గట్టు | శనివారం, సాయంత్రం 4:45

ఆలస్యానికి సారీ. శుక్రవారం జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ముందు ఆ 26 నోట్సులు. 'ఇంకా శ్రద్ధ పెట్టాలి' మీద తెల్ల కాగితం ముక్క అంటించా. పిల్లలు దాన్నే గోటితో గీకి కింద ఏముందో చదివారు. అది వేరే కథ.

'మీ ఊళ్లో 30 కౌంట్ అంటే ఏంటి?' అని అడిగి ఆగా. (మండలాలు రెండుసార్లు చదువుకున్నా.) ఒక్కరు కాదు, ఎనిమిది మంది లేచారు. కౌంట్, రేటు, ఐసు, మేత, ఏరియేటరు కరెంటు బిల్లు, అన్నీ వచ్చేశాయి. ఐదు నిమిషాలు తరగతి నా చేతిలో లేదు. గైడ్ టీచర్ గారు నా వంక చూసి కళ్లతోనే 'వదిలెయ్' అన్నారు. నేను బోర్డు మీద 1/30, 1/100 రాసి ఊరుకున్నా.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. వెనక బెంచీ కుర్రాడు, థర్మాకోల్ చల్లినవాడే, లేచి '1/100 పెద్దది టీచర్, 100 కౌంట్ అయితే ఎక్కువ రొయ్యలొస్తాయి కదా' అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఎక్కువ వస్తాయన్నది నిజం. నేను తేరుకునేలోపు కిటికీ దగ్గర పిల్ల వెనక్కి తిరిగి, 'ఎన్ని వస్తాయని కాదురా టీచర్ అడిగేది, ఒక్కటి ఎంత ఉందని' అంది. ఆ ఒక్క మాట కోసం నేను ఆదివారమంతా ఆరు పేజీలు రాశా.

ఒకటికి ఏడు తక్కెడ దగ్గర మాత్రం దెబ్బతిన్నా. టైము చాల్లేదు. వాదన మొదలవ్వగానే బెల్లు. సగం మంది స్లిప్పులు ఇవ్వకుండానే పరుగెత్తారు, మధ్యాహ్న భోజనం పీరియడ్ మరి. 21 స్లిప్పులు వచ్చాయి. మూడు కుప్పలు వేశా సార్: 14, 4, 3.

బెంచీల బొమ్మలో గీతలు బాగానే పరుచుకున్నాయి. కానీ గోడ పక్క మూడో బెంచీ మొత్తానికి ఒక్క గీత కూడా లేదు. ఐదుగురు ఆడపిల్లలు. వాళ్ల మొహాలు గుర్తు తెచ్చుకుందామంటే ఇద్దరివే గుర్తొస్తున్నాయి.


బోర్డు_తుడుపు | శనివారం, సాయంత్రం 5:20

సోమవారం పాఠం తక్కెడ దగ్గర మొదలవుతుంది, ఆ ఐదుగురిలో ఒకరి చేత తక్కెడ పట్టించు. నీ ప్లాన్ అయిపోయింది, ఇంక ఆదివారం నిద్రపో.


కనిగిరి_ఎస్జీటీ | శనివారం, సాయంత్రం 6:00

భోజనం ముందు పీరియడ్‌లో స్లిప్పులు ఆఖర్న పెట్టుకోవద్దు చెల్లీ. పది నిమిషాల ముందే తీసేసుకో. గుడ్డు ఉన్న రోజైతే పదిహేను.


పాత_మాస్టారు_ఒంగోలు | ఆదివారం, ఉదయం 6:10

ఆ వెనక బెంచీ కుర్రాడు స్లిప్పు ఇచ్చాడా, అమ్మాయ్? ఏ కుప్పలో పడ్డాడు?


పెన్నా_గట్టు | ఆదివారం, ఉదయం 9:35

ఇచ్చాడు మాస్టారూ. అందుకే రాయకుండా ఊరుకున్నా. ఏ కుప్పలో వెయ్యాలో తెలియక విడిగా పెట్టుకున్నా, ఆ 21లో కలపలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా:

'30 కౌంట్ లో ఒకటి పెద్దది. 100 కౌంట్ లో ఒకటి చిన్నది. మా నాయన 100 కౌంట్ కే పట్టేశాడు తెగులొచ్చి.'

దీని కింద ఏం రాయాలి?


పాత_మాస్టారు_ఒంగోలు | ఆదివారం, ఉదయం 9:50

లెక్క సరిగ్గా ఉందని రాయి. మూడో వాక్యం కింద ఏమీ రాయొద్దు, ఎర్ర ఇంకు అసలు వద్దు. సోమవారం ప్రార్థన అయ్యాక వాడి పక్కన నడుస్తూ గుంట గురించి అడుగు.


పెన్నా_గట్టు | ఆదివారం, ఉదయం 9:58

సరే మాస్టారూ. వాడు నా బస్సులోనే వస్తాడు, రెండు స్టాపుల ముందు ఎక్కుతాడు.